ధర్మవరం వచ్చేదాకా ఇంజను ఆపకండి

పోయిన నెలలో పుత్తూరు నుంచి ఒకమ్మాయి నన్ను వెతుక్కుంటూ తిరుపతి వచ్చింది. పేరు శ్రావణి. పిస్టన్ ఇంజను ఉన్న చిన్న హెలికాప్టరు నడిపి లైసెన్సు తెచ్చుకుంది. ఇప్పుడు టర్బైన్ హెలికాప్టరు మీద ఉద్యోగం దొరికిందట.

"సార్, జాగ్రత్తగా నడిపేదానికి ఒక పది సూత్రాలు రాసియ్యండి. గోడకు అంటించుకుంటా" అంది.

"ఆ పదీ నీ మిషను పుస్తకంలోనే ఉండాయి. గోడకు అంటించిన కాగితం మూడో దినం నుంచి ఎవరూ చదవరు. నేను చేసిన తప్పు ఒకటి రాసిస్తా."

"తప్పులెందుకు సార్, మంచివి రాయండి."

"మంచివి రాస్తే నువ్వు నన్ను మెచ్చుకుంటావు. దాంతో నీకేం లాభం?"

ఆమెకు ఆ జవాబు పెద్దగా నచ్చినట్టు లేదు. అయినా రాస్తున్నాను. ఆమెకూ, ఆమెలాగా పిస్టన్ నుంచి టర్బైన్‌కు మారుతున్న మిగతా పిల్లలకూ.

గాలి ముందు, నిప్పు తరువాత

పిస్టన్ ఇంజను నోరున్న మనిషి. ఒంట్లో బాగలేకపోతే దగ్గుతుంది, వణుకుతుంది, గొణుగుతుంది. టర్బైన్ అలా కాదు. మెత్తగా, ఒకే స్వరంతో పాడుతూ ఉంటుంది. లోపల కాలిపోతున్నా బయటికి అదే స్వరం. దాని మంచితనమే కొత్త పైలట్‌కు మొదటి ప్రమాదం.

స్టార్ట్ చేసే పద్ధతి వినడానికి చాలా సులువు. స్టార్టరు బటను నొక్కితే బ్యాటరీ ఇంజనును తిప్పుతుంది. లోపలికి గాలి రావడం మొదలవుతుంది. తగినంత వేగం వచ్చాక మీరు ఇంధనం వదులుతారు. మంట అంటుకుంటుంది. వచ్చే గాలే ఆ మంటను అదుపులో పెడుతుంది. గాలి చాలకముందే ఇంధనం వదిలితే మంట ఉంటుంది, దాన్ని చల్లబరిచేది ఉండదు. ఉష్ణోగ్రత చూపించే సూది ఒక్క ఊపున ఎర్ర గీత దాటుతుంది. అప్పుడు ఇంధనం కట్టేసి, స్టార్టరు మీద వేలు తీయకుండా, లోపలి వేడంతా గాలితో తోసెయ్యాలి. భయంతో రెండూ ఒకేసారి వదిలేసేవాళ్ళను నేను చూశాను. గీత ఎక్కడుందో, ఎన్ని సెకన్లు ఓర్చుకుంటుందో మీ మిషను పుస్తకంలో చూసుకోండి. నా అంకెలు నా మిషనువి.

స్టార్ట్ చేసే ఆ అరనిమిషం మీ కళ్ళు రెండు సూదుల మీదే ఉండాలి: వేగం, వేడి. మంత్రి పిలిచినా, పెళ్ళికూతురు చెయ్యి ఊపినా తల తిప్పకండి. ఈ వాక్యం రాయడానికి నేను పెట్టిన ఖర్చు ఏమిటో కింద చెబుతాను.

వరదాచారి

నేను చాలా ఏళ్ళు పనిచేసింది రేణిగుంటలో ఉన్న ఒక చిన్న కంపెనీలో. మా మెకానిక్ వరదాచారి. తాత ముత్తాతలు గుళ్ళో కైంకర్యం చేసినవాళ్ళు. నుదుట నిండా నామం పెట్టుకుని, దాని కింద చెవులకు ఇయర్‌మఫ్‌లు తగిలించుకుని పనికి వచ్చేవాడు.

నేను పాకాలలో పెరిగాను. మా నాయన పాకాల జంక్షన్‌లో రైల్వే పోర్టరు. పని దిగాక ఊళ్ళో హేతువాదులు నడిపే చదువుల గదిలో జరిగే చర్చలకు నన్ను వెంటబెట్టుకుని వెళ్ళేవాడు. జాతకాలు, శకునాలు, కులం, దయ్యాలు, అన్నిటి మీదా వాదనలు. నాకు రెండు నియమాలు నేర్పినాడు. ఎదుటివాడి మాటకు రుజువు అడుగు. అంతకంటే ముందు నీ మాటకు రుజువు పెట్టు. నేను మొదటిదాన్ని గట్టిగా పట్టుకున్నాను.

అందుకని వరదాచారితో నాకు మొదటి రోజు నుంచీ పేచీయే. ఆయుధపూజ నాడు మా హ్యాంగరు చూడాలి. ఆఫీసు వాళ్ళంతా వచ్చి మిషనుకు పసుపు, కుంకుమ, గంధం. ఒక ఏడాది ఎవరో భక్తుడు గాలి వేగం కొలిచే గొట్టం బెజ్జంలోకే గంధం నింపినాడు. ఆ గొట్టం మూసుకుపోతే పైలట్‌కు తన వేగం తెలియదు. నేను పూజ మొత్తం మీద ఒక ఉపన్యాసం మొదలుపెట్టాను. వరదాచారి నా వెనక నిలబడి, సన్నటి తీగతో గంధం తీస్తూ అన్నాడు:

"మీరు దేవుడు లేడని తీరుబడిగా జెప్పండి సార్. నేను అంతలోపల బెజ్జం తుడిసేస్తా."

మరుసటి ఏడాది నుంచి ఆయనే ముందుగా వచ్చి గొట్టాలకు, గాలి దూరే చోట్లకు తొడుగులు తొడిగి, బొట్లు ఆ తొడుగులకే పెట్టించేవాడు. పూజ ముగిశాక పూలదండల్లోని పోగులు కూడా లెక్కగా ఏరి తీసేవాడు. నేను ఇన్నేళ్ళ వాదనతో ఆపలేనిదాన్ని ఆయన నాలుగు తొడుగులతో చక్కబెట్టినాడు. అప్పట్లో నేను దీన్ని ఒప్పుకోలేదు.

ఆయన జేబులో ఒక చిన్న నోటుపుస్తకం ఉండేది. కంపెనీ రికార్డులు వేరే. ఇది ఆయన సొంతం. ప్రతి స్టార్ట్‌లో వేడి సూది ఎంతవరకు వెళ్ళిందో పైలట్‌ను అడిగి రాసుకునేవాడు. ఆ అంకెలు రోజురోజుకూ కొంచెం కొంచెం పైకి పోతుంటే, ఎర్ర గీత దాకా రాకముందే, బ్యాటరీయో మరొకటో ముసలిదవుతోందని పసిగట్టేవాడు. మాది సూదుల కాలపు పాత మిషను. ఇప్పటివాటిలో తెరే అన్నీ గుర్తుపెట్టుకుంటుంది. మాదాంట్లో గుర్తుపెట్టుకోవలసింది పైలట్, చెప్పవలసింది పైలట్.

బెల్లం మండీ కాటా

అసలు విషయానికి వెళ్ళేముందు ఒక చిన్న మాట. టర్బైన్‌లో శక్తి ఎక్కువ అని అందరూ చెబుతారు. మే నెల మధ్యాహ్నం చిత్తూరులో ఆ శక్తి సగం ఎండకే పోతుంది. వేడిగాలి పలచన. రెక్కలకు పట్టు దొరకదు. మిగిలిన శక్తి ఎంతో లెక్క వెయ్యాలంటే ఎక్కేవాళ్ళ బరువు తెలియాలి. బరువు విషయంలో నిజం చెప్పే మనిషిని నేను ఇంతవరకు చూడలేదు.

ఒకసారి శ్రీ సిటీ ఫ్యాక్టరీ నుంచి ముగ్గురు పెద్దమనుషులు చిత్తూరు వచ్చారు. తిరుగు ప్రయాణంలో, మామిడిపళ్ళ బుట్టలతో సహా నాతో రావాలి. ముగ్గురూ డెబ్బై కిలోలే అన్నారు. నేను మండీ నుంచి బెల్లం తూచే కాటా తెప్పించాను. మొదటాయన ఎక్కగానే కాటా పట్టుకొచ్చిన హమాలీ అన్నాడు, "ఈయన జెప్పిన డెబ్బై ఎడం కాలుకేనేమో సార్."

అందరూ నవ్వారు, ఆయన కూడా. బుట్టలు దిగిపోయాయి, ఒకాయన కారులో వెళ్ళాడు. అడగడానికి సిగ్గుపడకండి. కాటా మీద నిలబెట్టినందుకు ఎవరూ నాతో విరోధం పెట్టుకోలేదు. వద్దు అన్న మాట నేలమీద అంటే నవ్వుతో పోతుంది.

చిత్తూరులో శుక్రవారం

దామోదరం చిత్తూరులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ యజమాని. రెండు రోజులకు మా హెలికాప్టరు మాట్లాడుకున్నాడు. శుక్రవారం ఆయననూ భార్యనూ చిత్తూరు నుంచి రేణిగుంట చేర్చాలి. శనివారం వాళ్ళమ్మ కుప్పమ్మను ఎక్కించుకుని వాళ్ళ తోటలన్నీ పైనుంచి చూపించాలి. ఎనభై దాటిన ఆమెకు అదొక్కటే కోరికట.

శుక్రవారం నేను ఒక బడి మైదానంలో మిషను దించి సిద్ధంగా ఉన్నాను. వరదాచారి రాలేదు, రేణిగుంటలో వేరే పని ఉండింది. పదకొండు గంటలకు దామోదరం కారు దిగి, గడియారం చూసుకుని, నీడలో కుర్చీ వేయించుకున్నాడు.

"ఇంగా రాహుకాలం పోలేదు సార్. పన్నెండు దాటినాక పోదాం."

ఇక్కడ ఒక పైలట్ చెప్పవలసిన మాట, "అట్లాగే" అని. ఆయన ప్రయాణం, ఆయన సమయం. గంట ఆగితే నాకు పోయేదేమీ లేదు. కానీ చుట్టూ బడి పంతుళ్ళు, పిల్లల తల్లులు, ఫ్యాక్టరీ మనుషులు, యాభై మంది దాకా ఉన్నారు. నాకు పాకాల చదువుల గది గుర్తొచ్చింది.

మొదలుపెట్టాను. రాహువు అనే గ్రహం లేదని, సూర్యోదయాన్ని బట్టి పగటిని ఎనిమిది ముక్కలు చేసి ఒక ముక్కకు చెడ్డపేరు పెట్టారని చెప్పాను. అంతటితో ఆగినా బాగుండేది. జనాన్ని దగ్గరికి పిలిచి, మిషను తలుపు తెరిచి, బ్యాటరీ స్విచ్ వేసి, ఒక్కొక్క సూదినీ వెలిగించి చూపించాను. "ఈ మిషను పంచాంగం చూడదు. ఈ సూదులు చూస్తుంది" అన్నాను. ఒక పంతులు ప్రశ్న అడిగాడు. దానికి జవాబు. ఇంకొకరు ఇంకొకటి. పావుగంట పైనే గడిచింది. స్విచ్ వేసే ఉంది. దీపాలు వెలుగుతూనే ఉన్నాయి.

చివరికి దామోదరం లేచాడు. "సరే సార్, మీ అంత సదువుకున్నాయన జెప్తాంటే వినకపోతే యెట్ల? పాండి" అన్నాడు. భార్య చేతులు జోడించి ఎక్కింది. నా విజయం అది. టైము పదకొండున్నర.

జనానికి బాగా కనబడేలా దించినందువల్ల మిషను తోక గాలి వచ్చే దిక్కుకు ఉంది. ఆ గాలి పొగ పోయే గొట్టంలోకి ఎదురు కొట్టి మంటను లోపలికే నెడుతుంది. అది నాకు తెలుసు. తిప్పి నిలబెట్టాలంటే జనాన్ని పక్కకు జరపాలి. జరపలేదు. స్టార్టరు నొక్కాను. బ్యాటరీలో బలం లేదు. వేగం సూది రావలసినంత దాకా రాకుండా కిందే నిలబడిపోయింది. నేను దాన్ని చూడలేదు. పక్క సీటులో ఉన్న దామోదరం ముఖం చూస్తున్నాను, ఇంకా భయపడుతున్నాడా లేదా అని. చెయ్యి అలవాటుగా ఇంధనం వదిలింది.

కళ్ళు తిప్పేసరికి వేడి సూది ఎర్ర గీత దాటి ఉంది. కట్టేద్దామని చెయ్యి కదిలింది. కట్టేస్తే ఇంజను ఆగుతుంది. రాహుకాలంలో ఇంజను ఆగిందని యాభై మంది చూస్తారు. ఈ లెక్క నా తలలో ఒక సెకను తీసుకుంది, ఇంకొకటి తీసుకుంది. అంతలో ఇంజను వేగం అందుకుంది, సూది మెల్లగా కిందికి దిగింది. మిషను అదే మెత్తటి స్వరంతో పాడుతోంది.

ఎగిరాను. ఇద్దరు మనుషులను ఎక్కించుకుని, లోపల ఏం కాలిందో తెలియని ఇంజనుతో, పాకాల మీదుగా రేణిగుంట దాకా ఎగిరాను. దిగాక దామోదరం నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మీరు జెప్పిందే నిజం సార్. యేమీ గాలేదు. రేపు మాయమ్మను గూడా తొమ్మిదికే తెస్తా. రాహుకాలమని ఆమె నస బెట్టినా సరే."

ఆ మెప్పును నేను తీసుకున్నాను.

ఒక అంకె

సాయంత్రం వరదాచారి నోటుపుస్తకం తీసినాడు.

"సిత్తూరులో స్టార్ట్ ఎంతకు పోయింది సార్?"

"ఏడు వందల ముప్పై."

"మంచిది. ఇంత యెండలో గూడా బాగానే ఉండాదే" అని రాసుకున్నాడు.

నిజం చెబితే మిషను ఆగిపోతుంది, ఇంజను విప్పి చూడాలి, నాకు చీవాట్లు పడతాయి. అవన్నీ నేను ఓర్చుకోగలను. నా నోరు కట్టేసింది అవి కావు. చిత్తూరు జనం ఏమంటారు? "రాహుకాలంలో తీసినాడు, ఇంజను కాలిపోయింది" అంటారు. యాభై మందికి నేను చేసిన బోధ తలకిందులవుతుంది. హేతువాదం పరువు కాపాడటానికి నేను అబద్ధం చెప్పాను. వినడానికి నవ్వొస్తుంది. నాకు అప్పుడు అది గొప్ప త్యాగంలాగా ఉండింది.

ఇంటికి వెళ్ళాక మాత్రం ఒక్క సంగతి నన్ను వదలలేదు. వరదాచారి మారుప్రశ్న వెయ్యలేదు. నేను చెప్పాను, ఆయన రాసుకున్నాడు. రుజువు అడగని నమ్మకం మీదే కదా నా జీవితమంతా యుద్ధం. ఆ పొద్దు అదే నమ్మకం చాటున దాక్కున్నాను.

శనివారం పొద్దున

నేను వెళ్ళేసరికి వరదాచారి మిషను తొడుగులు తీస్తున్నాడు.

"బ్యాటరీ బాగా దిగిపోయినట్టుండాదే సార్. చార్జింగుకు శానా సేపు పట్టింది. లైట్లేమన్నా యేసి పెట్టినారా?"

"కొంచెం సేపు" అన్నాను. ఆయన తలూపి తన పని చేసుకున్నాడు. అప్పటికీ అనుమానం లేదు. అన్నీ చూసుకున్నాక, మిషను బాగుందని సంతకం పెట్టడానికి రికార్డు తెచ్చి మిషను పక్కన తెరిచి పెట్టినాడు. ఆ సంతకం పడితే కుప్పమ్మ ఎక్కుతుంది.

తొమ్మిదికి ముందే కారు వచ్చింది. కుప్పమ్మ దిగింది. కొత్త చీర, చేతిలో చిన్న గుడ్డసంచి. కొడుకు చెయ్యి వదిలించుకుని నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"నాయనా, శనివారం తొమ్మిదికి రాహుకాలం. పుట్టినప్పటి నించి ఆ టయానికి గడప దాటింది ల్యా. అట్లాంటిదేమీ లేదని నువ్వు జెప్పినావంటనే. నీ మాట మింద వచ్చినా."

అక్కడ ఇద్దరు మనుషులు నా మాట మీద ఉన్నారు. ఒకరు ఎక్కడానికి వచ్చారు, ఇంకొకరు సంతకానికి పెన్ను తీసినారు.

"ఆచారిగారూ, నిన్నటి అంకె కొట్టెయ్యండి" అన్నాను. "ఏడు ముప్పై కాదు. గీత దాటింది."

ఆయన పెన్ను మూసినాడు. "ఎంత సేపు?"

"తెలీదు. నాలుగు సెకన్లు ఉండొచ్చు. నేను సూది చూడట్లేదు."

"యేం సూస్తా ఉండారు?"

"ఆయన్ను" అని దామోదరాన్ని చూపించాను.

వరదాచారి నోటుపుస్తకం నా చేతికిచ్చినాడు. నేను ఆ అంకె కొట్టేసి, పక్కన "గీత దాటింది, సమయం తెలియదు" అని రాశాను. పావుగంట వెలిగిన లైట్లు, గాలికి పెట్టిన తోక, అవి కూడా దాని కిందే రాశాను. ఆయన అది చదివి వెళ్ళి, తీసిన తొడుగులు ఒక్కొక్కటే మళ్ళీ తొడిగినాడు. తలుపుకు 'ఎగరరాదు' అన్న ఎర్ర చీటీ కట్టినాడు. దామోదరానికి అప్పటికి అర్థమైంది.

"సూస్తిరా సార్. నేను జెప్తానే ఉంటి. రాహుకాలంలో ముట్టొద్దంటి. ముట్టినారు, కాలింది."

నేను భయపడిన మాట అదే. జవాబు వరదాచారి చెప్పినాడు.

"రాహువుకు దీంట్లో యేం పని ల్యా సామీ. పావుగంట లైట్లు యేసి పెడితే బ్యాటరీ దిగిపాయ. తోక గాలికి బెట్టినారు. సూది సూడాల్సిన మనిషి మీ మొగం సూస్తా కూర్సున్నాడు. ఇయ్యే తప్పులు పన్నెండు దాటినాక జేసినా ఇట్లనే కాలును."

"నామం బెట్టుకోని మీరే ఇట్లంటే యెట్ల సామీ?"

"నామం నాకు. ఇంజనుకు గాదు."

దామోదరం ఇంకేదో అనబోతే కుప్పమ్మ ఆపింది. "ఉండ్రా. ఇప్పుడన్నా జెప్పినాడు గదా" అంది. తరువాత నా వైపు చూసింది. "మిసను బాగయినాక పిలువు. వస్తా."

వాళ్ళు వెళ్ళాక వరదాచారి నాతో ఒక్క మాట అన్నాడు. "నాతో అబద్ధమాడినారని గాదు సార్. నేను సంతకం బెట్టుంటే ఈపాటికి ఈయమ్మ పైన ఉండేది."

నెల రోజులు నేలమీద

మా చీఫ్ పైలట్ ఏకాంబరం గారు వేలూరు మనిషి. తెలుగు, తమిళం కలిపి మాట్లాడేవారు. నేను రాసిచ్చిందంతా చదివి, కళ్ళజోడు తీసి పెట్టి అన్నారు: "ఎన్నప్పా ఇది. నువ్వూ ఆయనా రాహువు గురించి కొట్లాడినారు, మధ్యలో మన బ్యాటరీ చచ్చిపోయింది."

ఇంజను విప్పి చూశారు. లోపలి చక్రంలో కొన్ని రేకుల అంచులు మాడి ఉన్నాయి. ఒకదానిలో వెంట్రుక వాసి పగులు. ఎన్ని గంటలు తట్టుకునేదని వర్క్‌షాపువాళ్ళను అడిగాను. "వంద గంటలు తిరగొచ్చు, పది నిమిషాలకే పోవచ్చు. తెలియదు" అన్నారు. తెలియదు అన్న మాటను అంత గౌరవంగా నేను ముందెప్పుడూ వినలేదు.

ఏకాంబరం గారు నన్ను నెల రోజులు ఎగరనివ్వలేదు. ఇంట్లో కూర్చోనివ్వలేదు కూడా. వేరే పైలట్లు స్టార్ట్ చేసేటప్పుడు, ఆపేటప్పుడు మంటలార్పే సిలిండరు పట్టుకుని వరదాచారి పక్కన నిలబడాలి. అంతే శిక్ష. ఇరవై ఏళ్ళు లోపల కూర్చున్నవాణ్ణి మొదటిసారి బయటినుంచి చూశాను. లోపలివాడి కళ్ళు ఎటు తిరుగుతున్నాయో బయటివాడికి అద్దంలోంచి బాగా కనబడుతుంది. చిత్తూరులో వరదాచారి ఉండుంటే నన్ను ఆపేసేవాడు. మీ ఉద్యోగంలో కూడా ఏదో ఒక సందర్భంలో ఇలా నిలబడి చూడండి, ఎవరూ శిక్ష వెయ్యకముందే.

అప్పుడే ఇంకొకటి గమనించాను. దిగాక టర్బైన్‌ను వెంటనే ఆపకూడదు. రెండు నిమిషాలు మెల్లగా తిరగనిచ్చి చల్లారనివ్వాలి. లేకపోతే లోపలి బేరింగుల దగ్గర నిలిచిన నూనె మాడి బొగ్గవుతుంది, సన్నటి దారులు పూడుకుంటాయి. ఆ చెరుపు ఆ రోజు కనబడదు. ఎన్నో నెలల తరువాత, ఇంకెవరో పైలట్ చేతిలో బయటపడుతుంది. ఆ రెండు నిమిషాలూ వరదాచారి పెదవులు కదుపుతూ ఉండేవాడు. అడిగితే పాశురం అన్నాడు. నేను వాచీ పెట్టి చూశాను. ఎండలోనైనా, వానలోనైనా, పైలట్ లోపలినుంచి సైగలు చేస్తున్నా రెండు నిమిషాలే.

"వాచీ ఉంది కదా ఆచారిగారూ, ఇదెందుకు?"

"వాచీ మీ చేతిలో ఉండాది సార్. నిమిషం ముప్పైకే చాల్లే అనుకోవచ్చు మీరు. అనుకుంటా ఉండారు గూడా, నేను సూసినా. ఇది నేను తొందర పెట్టలేను. నోరు రాదు." తొడుగులు చేతిలోకి తీసుకుంటూ అన్నాడు, "మీకు దేవుడు వద్దంటే వద్దు. తొందర పెట్టేదానికి మీకు మనసు రానిది యేదన్నా ఉంటే, అది జెప్పుకోండి."

రెండు రోజులు ఆలోచించాను. అటువంటిది నా దగ్గర ఒక్కటే ఉంది. మా నాయన పాకాల ప్లాట్‌ఫారం మీద ధర్మవరం ప్యాసింజరు బయలుదేరే ముందు స్టేషన్ల పేర్లు అరిచేవాడు. ఒక్కొక్క పేరుకీ ఆగి, ఎవరైనా ముసలివాళ్ళు పరుగెత్తుకొస్తున్నారేమో చూసేవాడు. ఆ ఆగడంతో సహా నాకు నోటికి వచ్చు. పాకాల. దామలచెరువు. పులిచెర్ల. పీలేరు. కలికిరి. వాయల్పాడు. అలాగే ధర్మవరం దాకా. ఒక్కొక్క స్టేషనుకు ఒక్కొక్క సూది చూసుకుంటూ చెబితే సరిగ్గా రెండు నిమిషాలు.

మళ్ళీ ఎగరడం మొదలుపెట్టాక వరదాచారి బయట నిలబడి నా పెదవులు చూసేవాడు. త్వరగా ఆపేసిన రోజు తలుపు తీస్తూ అడిగేవాడు, "యేంది సార్, ఈపొద్దు మీ బండి ఎక్స్‌ప్రెస్ అయిపొయ్యింది?"

కుప్పమ్మ

ఇంజను తిరిగి వచ్చేసరికి మామిడి కాపు అయిపోయింది. అయినా కుప్పమ్మ వచ్చింది. ఆ రోజు వారం, వర్జ్యం ఆమె ఏమీ అడగలేదు. నేనూ చెప్పలేదు. ఎప్పుడు వీలైతే అప్పుడు రమ్మన్నాను, ఆమెకు నచ్చిన టైముకు వచ్చింది. కాళ్ళు ఎత్తి ఎక్కించేముందు వరదాచారి వైపు చెయ్యి చూపి నన్ను అడిగింది, "ఆ సామికి నిజం జెప్పినావా?"

"ఇంకా స్టార్ట్ చెయ్యలేదమ్మా."

"జేసినాక జెప్పు."

స్టార్ట్ చేశాను. గాలికి ఎదురుగా, నిండు బ్యాటరీతో, రెండు సూదులు తప్ప లోకంలో ఇంకేదీ లేనట్టు. అద్దంలోంచి వరదాచారికి వేళ్ళతో అంకె చూపించాను. ఆయన రాసుకున్నాడు. గంటసేపు తోటల మీద తిరిగాం. కాయలు లేని చెట్లను కూడా ఆమె ఒక్కొక్క తోటగా గుర్తుపట్టి, ఏది ఎవరు నాటినారో హెడ్‌ఫోన్‌లో నాకు చెబుతూనే ఉంది.

రేణిగుంటలో దిగాను. రెక్కలు తిరుగుతుండగా ప్రయాణికులను దించకూడదు. ఆమె పక్కనే కూర్చుని ఉంది. అవతల, జనం దాటకూడదని నేలమీద గీసిన గీత దగ్గర దామోదరం నిలబడి, గడియారం చూపిస్తూ, రమ్మని రెండు చేతులూ ఊపుతున్నాడు. ఎక్కడికో వెళ్ళాలి కాబోలు. నేను హెడ్‌ఫోన్ మైకు కట్టెయ్యకుండానే నా రైలు బయలుదేరదీశాను. పాకాల. దామలచెరువు. పులిచెర్ల. అవతల చేతులు ఇంకా ఊగుతున్నాయి. పీలేరు. వాయల్పాడు. మదనపల్లె రోడ్డు. కురబలకోట. ములకలచెరువు. కదిరి. ధర్మవరం.

ఇంధనం కట్టెయ్యడానికి చెయ్యి వేశాను. చెవిలో కుప్పమ్మ గొంతు వినబడింది.

"కలికిరి రాలేదే నాయనా?"

చెయ్యి ఆగింది.

"మా పుట్టిల్లు ఆడనే. ఈ బండిలోనే గదా నేను కాపరానికి వచ్చింది. కలికిరిలో నిలవకుండా ఆ బండి యెప్పుడూ పోలేదు."

వాచీ చూశాను. ఇంకా అరనిమిషం ఉంది. బయట వరదాచారి నా పెదవుల వైపే చూస్తూ, నవ్వు ఆపుకుంటున్నాడు. దామోదరం చేతులు ఊపుతూనే ఉన్నాడు. ఇంధనం మీంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. మళ్ళీ పాకాల నుంచి మొదలుపెట్టాను. ఈసారి ఆమె కూడా నాతో కలిసి చెప్పింది.